రచ్చకెక్కిన తగవు

కొన్నేళ్ల కిందట మా తరగతిలో కృష్ణగిరి వైపు నుంచి వచ్చిన విద్యార్థి ఒకడు ఉండేవాడు. ఇంట్లో తెలుగు, వీధిలోనూ బడిలోనూ తమిళం. తెలుగు చదవడం, రాయడం మా దగ్గరే నేర్చుకున్నాడు. ఆ ఏడాది వాళ్ల అక్కకు పలమనేరు దగ్గరి సంబంధం ఒకటి కుదిరింది. చేతిలో ఫోను ఉన్నా పెళ్లి మాటలకు ఉత్తరమే మర్యాద అనుకునే ఇల్లు వాళ్లది. తెలుగు చక్కగా రాయడం వచ్చిన కొడుకు కాబట్టి కాబోయే బావకు ఉత్తరం రాసే పని ఇతనికి అప్పగించారు. రెండు పుటల ఉత్తరంలో ఒకే ఒక్క వాక్యం చిక్కు తెచ్చింది: "ముహూర్తం తేదీ దగ్గర మా మామ రచ్చ చేసినాడు."

జరిగిందేమిటంటే, తేదీ మామిడి కోతల వేళ పడుతోందనీ, ఒక పదిహేను రోజులు జరిపితే మేలనీ మేనమామ ఇంట్లో కూర్చుని అన్నాడు. ఆ మాట గుమ్మం దాటి ఎవరికీ వినపడలేదు. కానీ ఉత్తరం చదివిన పలమనేరు వారికి అర్థమైంది వేరు. పిల్ల మేనమామ నలుగురిలో నిలబడి కేకలు వేశాడనీ, తమ పేరు ఊళ్లో పడేశాడనీ అనుకున్నారు. "మా మర్యాద మీ ఊరి వీధిలో ఉందా?" అని కబురు వచ్చింది. పెద్దలు బస్సెక్కి వెళ్లి సర్దిచెప్పుకోవలసి వచ్చింది.

ఆ విద్యార్థి మా గదికి వచ్చి అడిగిన ప్రశ్న మాకు ఇప్పటికీ గుర్తుంది. "అయ్యా, రచ్చ అంటే గొడవే కదా? సినిమాల్లో అట్లే అంటారు గదా?" మరి మీ ఇంట్లో ఏమంటారని అడిగాం. కాస్త సిగ్గుపడి, "మా నాయన తకరారు అంటాడు. అది అరవ మాట గదా అని తీసేసి, మంచి తెలుగు మాట పెట్టినా" అన్నాడు.

తప్పు ఎక్కడ జరిగిందో ఈ చివరి మాటలో ఉంది. ఈ వ్యాసం రాయడానికి కారణం కూడా అదే. ఇంట్లోని సరైన మాటను పరాయిదనుకుని వదిలిపెట్టి, తెరమీద విన్న మాటను సొంతమనుకుని తెచ్చుకున్నాడు. గొడవను చెప్పే తెలుగు మాటలు చాలా ఉన్నాయి. అవన్నీ ఒకటి కావు. ఏ మాట ఏ వాక్యంలో నిలుస్తుందో తెలుసుకోవాలంటే అది ఎక్కడినుంచి వచ్చిందో కొంచెం వెనక్కి వెళ్లి చూడాలి.

ముందు రచ్చ సంగతి. సంస్కృతంలో రథ్య అంటే రథం నడిచే దారి, రాజవీథి. ప్రాకృతంలో అది రచ్ఛా అయింది. వైద్యుడు మన పాత భాషలో వెజ్జు అయినట్లే, రథ్య ప్రాకృతం మీదుగా తెలుగులో రచ్చగా స్థిరపడింది. అర్థం కూడా వీథి నుంచి కొంచెం జరిగి, ఊరి నడుమ నలుగురూ కూడే చోటుకు పేరయింది. రావిచెట్టు కిందనో వేపచెట్టు కిందనో రాళ్లు పేర్చి కట్టిన అరుగు అది. కొన్ని చోట్ల రచ్చబండ అంటారు, రాయలసీమలో రచ్చకట్ట అనడం ఎక్కువ. ఊరి పెద్దలు కూర్చుని మంచిచెడ్డలు మాట్లాడేదీ, పొలం గట్ల తగవులు విని తీర్పు చెప్పేదీ అక్కడే. "ఇంట గెలిచి రచ్చ గెలువు" అనే సామెతలో రచ్చ అంటే కేకలు కాదు, సభ. ఇల్లు ఒకవైపు, రచ్చ ఇంకొకవైపు. ఈ ఎదురుబొదురు సంబంధాన్ని గుర్తుంచుకుంటే సగం చిక్కు తీరుతుంది.

"రచ్చకెక్కింది" అనే పలుకుబడిని చూడండి. ఎక్కడం ఎందుకు? అరుగు ఎత్తుగా ఉంటుంది కనుక. ఇంటి విషయం గుమ్మం దాటి, వీథి దాటి, ఆ అరుగు ఎక్కింది. తరువాతి కాలంలో కోర్టుకెక్కడం, పత్రికలకెక్కడం అనే ప్రయోగాలూ ఈ పద్ధతిలోనే వచ్చాయి. రచ్చకీడ్చడం ఇంకా కఠినం, అందులో బలవంతం ఉంది. వీటిలో ఎక్కడా చప్పుడు లేదు, బహిరంగం కావడమే ఉంది. చప్పుడు తరువాత చేరింది.

ఎందుకు చేరి ఉంటుంది? మా అభిప్రాయం ఇది. రచ్చ తీర్పు చెప్పే చోటుగా ఉన్నన్నాళ్లూ అక్కడి కేకలకు ఒక ముగింపు ఉండేది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1816 నాటి రెగ్యులేషన్లు గ్రామ మునసబుకు చిన్న దావాలు విచారించే అధికారం ఇచ్చాయి, గ్రామ పంచాయతీలనూ చట్టంలోకి తెచ్చాయి. వాటి వెనక ఉన్నది థామస్ మన్రో. ఆయన 1792 నుంచి 1799 వరకు బారామహల్‌లో, అంటే మా విద్యార్థి పుట్టిన కృష్ణగిరి సీమలోనే, పనిచేశాడు. తరువాత 1807 దాకా దత్తమండలాల్లో ఉన్నాడు. ఊరి తగవు ఊళ్లోనే తీరాలన్నది ఆయన పట్టుదల. అయినా కాలక్రమంలో తగవు కాగితమెక్కింది. స్టాంపులు, వకీళ్లు, జిల్లా కచేరీలు వచ్చాయి. తీర్పు పట్నానికి పోయింది, అరుగు మాత్రం ఊళ్లో ఉండిపోయింది. తీర్పు లేని అరుగు మీద మిగిలేది నలుగురి నోళ్లూ, వినే చెవులూ. అలా స్థలం పేరు అక్కడి సందడికి పేరైందని మేము అనుకుంటాం.

పాత అర్థం పూర్తిగా చచ్చిపోలేదు. 2009లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రజలతో ముఖాముఖికి రచ్చబండ అని పేరు పెట్టింది. ముఖ్యమంత్రి వై. ఎస్. రాజశేఖరరెడ్డి ఆ ఏడు సెప్టెంబరు 2న ఆ కార్యక్రమం కోసం చిత్తూరు జిల్లాకు వెళుతూనే హెలికాప్టర్ ప్రమాదంలో మరణించారు. అందులో రచ్చ అంటే సభాస్థలమే. మూడేళ్ల తరువాత, 2012లో, రచ్చ అనే పేరుతోనే ఒక సినిమా వచ్చింది. ఆ పేరులో సభాస్థలం లేదు, హడావుడి ఉంది. మూడేళ్ల తేడాలో ఒకే మాట రెండు కొసల్లో కనిపించింది. మా విద్యార్థికి తెలిసింది రెండో కొస ఒక్కటే.

ఇరుగుపొరుగు భాషలు తెలిసినవారికి ఇది సులువుగా పట్టుబడాలి. మరాఠీలో చవ్హాటా అంటే నాలుగు దారుల కూడలి. చవ్హాట్యావర్ ఆణణే అంటే గుట్టును బజారుకు తేవడం. తమిళంలో పరువు పోయిందనడానికి సంది సిరిక్క అంటారు, అంటే కూడలి నవ్వేటట్లు అని. కన్నడంలో హాదిరంప, బీదిరంప అని జంటగా వాడతారు. కన్నడ రచ్చె మన రచ్చకు తోబుట్టువే. కానీ పసిపిల్ల పట్టువిడవకుండా ఏడిస్తే కన్నడిగులు రచ్చె హిడియితు అంటారు. బెంగుళూరు, కోలారు విద్యార్థులు ఈ అర్థాన్ని తెలుగులోకి తెచ్చి "పాప రచ్చ పట్టింది" అంటే హైదరాబాదులో విన్నవారు తెల్లబోతారు. మారాం చేస్తోంది, పేచీ పెడుతోంది అనాలి.

ఇక తగవు. మాకు ఈ మాట మీద కొంచెం ఎక్కువ ప్రేమ ఉంది, దాచుకోం. తగు అనే ధాతువునుంచి పుట్టింది తగవు. తగినది, ఉచితమైనది, న్యాయమైనది అని దాని మొదటి అర్థం. బరో, ఎమెనో పండితుల ద్రావిడ వ్యుత్పత్తి కోశం (1961, రెండో కూర్పు 1984) తమిళ తకు, తెలుగు తగు రూపాలను ఒకే కుదుట చేరుస్తుంది. తమిళంలో తకవు అంటే ఈనాటికీ అర్హత, యోగ్యత. మన పాత కావ్యాల్లో "ఇది తగవా?" అంటే "ఇది న్యాయమా?" అని అర్థం. అటువంటి మాట ఇవాళ జగడానికి పేరు. ఎలా తలకిందులైంది?

తలకిందులు కాలేదు, పక్కకు జరిగింది. న్యాయం ఏదో తేల్చమని ఇద్దరు పెద్దల ముందుకు వస్తారు. వారు తేల్చేది తగవు. తేల్చమని అడిగేదీ తగవే. "తగవు చెప్పండి" అన్నప్పుడు తీర్పు, "తగవు తెచ్చారు" అన్నప్పుడు వివాదం. రెండర్థాలూ చాలాకాలం ఒకే అరుగు మీద కూర్చున్నాయి. చివరకు వివాదం నిలిచింది, తీర్పు లేచిపోయింది. అయినా దాని నీడ క్రియల్లో ఉండిపోయింది. తగవు తీరుతుంది, తగవు తెగుతుంది, తగవు తీరుస్తారు. తీర్చేవాడు ఉండాలన్న అపేక్ష ఆ మాటలోనే ఉంది.

పంచాయితీది కూడా ఇదే దారి. ఐదుగురు పెద్దల కూటమి పేరు అది. తెలంగాణ పలుకులో "వాళ్లిద్దరికి పంచాయితీ అయింది" అంటే జగడం అయిందని. షోలాపురంలో తరతరాలుగా మగ్గాల పని చేసుకుని బతికిన తెలుగు కుటుంబాల పిల్లలు ఈ అర్థాన్ని ఇంటినుంచే తెచ్చుకుంటారు. అయితే వారి చెవిలో మరాఠీ పంచాయీత్ కూడా ఉంటుంది. మరాఠీలో మాఝీ పంచాయీత్ ఝాలీ అంటే నేను ఇరకాటంలో పడ్డానని, ఎవరితోనో జగడమాడానని కాదు. ఒకే తీర్పరుల పేరు ఒకచోట జగడమైంది, ఇంకొకచోట ఇబ్బంది అయింది. తమిళనాడులో మాత్రం పంచాయత్తు ఇంకా మధ్యవర్తిత్వమే. షోలాపురం విద్యార్థి జవాబుపత్రంలో పంచాయితీ అని రాస్తే కొట్టివేయనక్కరలేదు. అది మంచి తెలుగు మాట. ఏ ప్రాంతపుదో తెలిసి వాడితే చాలు.

ఇక్కడ మా తప్పు కూడా ఒకటి చెప్పుకోవాలి. బెంగుళూరు విద్యార్థిని ఒకామె వ్యాసంలో "వానలకు నది రభసంగా పారుతోంది" అని రాసింది. మేము ఎర్ర సిరాతో గీత గీసి "రభస అంటే గొడవ" అని పక్కన రాశాం. వారం తరువాత ఆమె నిఘంటువు పట్టుకుని వచ్చింది. సంస్కృతంలో రభసం అంటే వేగం, ఉద్ధృతి. పాత తెలుగు కావ్యభాషలోనూ అంతే. కన్నడంలో నది రభసవాగి హరియుత్తిదె అనడం నిత్యవ్యవహారం. అంటే ఆమె రాసింది తప్పు తెలుగు కాదు, పాత తెలుగు. తెలుగు ముందుకు నడిచి ఉద్ధృతినుంచి జనసమూహపు కేకల దాకా వచ్చింది. కన్నడం నది దగ్గరే ఉండిపోయింది. మేము గీత చెరిపి మార్కు తిరిగి ఇచ్చాం. ఈ కాలపు వచనంలో మాత్రం "నది ఉద్ధృతంగా పారుతోంది" అని రాయమన్నాం. ఆమె ఒప్పుకుంది, కొంచెం అయిష్టంగానే.

ఇటువంటి గమ్మత్తే రాద్ధాంతం. సంస్కృతంలో అది సిద్ధాంతానికి మారుపేరు, నిరూపితమైన నిర్ణయం. తెలుగులో రాద్ధాంతం చేయడమంటే లేనిపోని దాన్ని పెద్దది చేసి అరవడం. పండితుల చర్చలు దూరంనుంచి విన్నవారెవరో ఈ అర్థం కల్పించి ఉంటారని మా విభాగంలో ఒక హాస్యం.

పారశీక, అరబ్బీ మూలాల మాటలు రెండు మన విద్యార్థులను తరచు పడగొడతాయి. తగాదా మొదట బాకీ కట్టమని చేసే ఒత్తిడి. మరాఠీలో తగాదా లావణే అంటే ఇప్పటికీ అదే. తెలుగులోనూ కన్నడంలోనూ అది జగడం, వివాదం అయిపోయింది. కాబట్టి ముంబయి విద్యార్థి "షావుకారు తగాదా పెట్టాడు" అని రాస్తే ఆంధ్ర పాఠకుడికి బాకీ కనబడదు, జగడమే కనబడుతుంది. రెండోది తకరారు. తక్రార్ అంటే తిరిగి తిరిగి చెప్పడం. మరాఠీలో అది ఫిర్యాదు, కన్నడంలో అభ్యంతరం, తమిళంలో జగడం. తెలుగులో అభ్యంతరం, వివాదం అనే అర్థాల్లో పాత కచేరీ కాగితాల్లో విరివిగా ఉంది. కృష్ణగిరి తండ్రి నోట ఉన్నది అరవ మాట కాదన్న సంగతి ఇప్పుడు విశదమే. ఆ మాటను తమిళులు ఎక్కడినుంచి తెచ్చుకున్నారో మనమూ అక్కడినుంచే తెచ్చుకున్నాం.

ఒడిశా విద్యార్థులది వేరే చిక్కు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు బరంపురం, పర్లాకిమిడి ప్రాంతాల తెలుగువారు అందులోకి వెళ్లారు. ఒడియా గండగోళ అంటే అల్లరి, గొడవ. దాన్ని విని "మా వీధిలో నిన్న గందరగోళం అయింది" అంటే తెలుగువాడికి తికమక అనే తోస్తుంది, ఎవరో ఎవరినో తిట్టుకున్నట్లు తోచదు. యానాం వారికి ఇటువంటి చిక్కులు తక్కువ. 1954 దాకా ఫ్రెంచివారి పాలనలో ఉన్నా, అక్కడ జగడాలు మాత్రం గోదావరి తెలుగులోనే జరిగాయి.

వాక్యాల సంగతికి వద్దాం. మేము తరగతిలో ముందు "తో" పెట్టి చూడమంటాం. "అతనితో గొడవ పెట్టుకోకు", "అతనితో తగవు పెట్టుకోకు", "అతనితో పేచీ పెట్టుకోకు" అన్నీ నిలుస్తాయి. "అతనితో రభస పెట్టుకోకు" అంటే చెవికి కుదరదు. తగవుకు ఎదుటి పక్షం కావాలి, రభసకు అక్కరలేదు. ఒక్కడే నిలబడి రభస చేయగలడు, ఒక్కడే రచ్చ చేయగలడు. ఒక్కడే తగవులాడలేడు. అందుకే తగవులాడడం, పోట్లాడడం, కొట్లాడడం ఉన్నాయి గాని రచ్చలాడడం, రభసాడడం లేవు. వీటిలో కొట్లాటకు చేయి కూడా లేస్తుంది. పోట్లాట నోటితో ఆగిపోవచ్చు.

కాలాన్ని కూడా చూడాలి. "ముప్పై ఏళ్లుగా నడుస్తున్న తగవు" అనవచ్చు. మాటలు లేకుండా, ముఖాలు చూసుకోకుండా కూడా తగవు నడుస్తుంది. "ముప్పై ఏళ్లుగా నడుస్తున్న రభస" అంటే నవ్వు వస్తుంది. రభస గంటసేపటిది, మహా అయితే ఒక పూటది. తగవు తీరుతుంది, రభస సద్దుమణుగుతుంది. సద్దు అంటే శబ్దమే కదా, అణగవలసింది అదే. "రభస సద్దుమణిగింది గాని తగవు తీరలేదు" అనే వాక్యాన్ని మేము ప్రతి ఏడూ నల్లబల్ల మీద రాస్తాం. ఈ రెండు మాటలను అటుదిటు మార్చి చదవమంటే తరగతికి తేడా దానంతటదే తెలిసిపోతుంది.

రచ్చకు మూడోది కావాలి: చూసేవారు. "పెళ్లిలో భోజనాల దగ్గర రచ్చ చేశాడు" సరైన వాక్యం. "అన్నదమ్ముల తగవు రచ్చకెక్కింది" ఇంకా మంచి వాక్యం, అందులో రెండు మాటలూ తమ తమ పాత స్థలాల్లో ఉన్నాయి. "నాకూ మా చెల్లికీ రచ్చ పడింది" కుదరదు, గొడవ పడింది అనాలి. తలుపులు వేసుకుని ఇద్దరు వాదించుకుంటే అది రచ్చ కాదు. ఈ తరం పిల్లలు ఇంట్లో సంగతినీ "రచ్చ రచ్చ" అనడం విన్నాం, మెచ్చుకోలుగా "రచ్చ చేశాడు" అనడమూ విన్నాం. భాష నడుస్తోంది, మేము అడ్డుపడం. పెద్దలకు రాసే ఉత్తరంలో మాత్రం వద్దు.

రగడను మరిచిపోతే పత్రికలు చదివేవారు ఊరుకోరు. శీర్షికకు మూడే అక్షరాలు కాబట్టి సంపాదకులకు ఇష్టమైన మాట: సభలో రగడ, నీళ్ల రగడ. ఇదే పేరుతో మనకు మాత్రాఛందస్సు ఉంది. కన్నడంలో అది రగళె, హరిహరుడు శివభక్తుల కథలను ఆ ఛందంలోనే చెప్పాడు. వాడుక కన్నడంలో రగళె అంటే విసుగు పుట్టించే తలనొప్పి, తమిళంలో రగళై అంటే అల్లరి. తెలుగులో రగడ పక్షాలకు, సభలకు చెందినది. "మా అమ్మకూ నాకూ రగడ" అని రాస్తే వంటింట్లో రెండు పార్టీలు వెలిసినట్లుంటుంది.

కృష్ణగిరి విద్యార్థి ఆ రోజు మా గదిలోనే కూర్చుని మళ్లీ రాశాడు. మేము ఒక్క మాటా చెప్పలేదు, కాగితం మాత్రం ఇచ్చాం. "బావగారికి నమస్కారం. ముహూర్తం తేదీ గురించి మా మామ ఇంట్లో చిన్న తకరారు చేసినాడు, మామిడి కోతలని. అది అప్పుడే తీరిపోయింది. నేను రాసిన మాట తప్పు, జరిగింది రచ్చ కాదు." పలమనేరు నుంచి పది రోజుల్లో జవాబు వచ్చింది. పెళ్లికొడుకు తండ్రి సొంత దస్తూరీతో రాశాడు. కోతలు తమ తోటలో కూడా ఉన్నాయట. ఆ తకరారు తమదీనట. తేదీ ఆషాఢం ముందుకు జరపకుండా శ్రావణానికి పెట్టుకుందామన్నాడు.